సంక్రాంతికి ఊరెళ్ళి తాగుడు మానేస్తానంటున్నారు, టికెట్ తీసే ముందు ఇది చదవండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. బెంగళూరు కుందలహళ్ళిలో ఉంటున్నారు, 37 ఏళ్ళు, ఇరవై మంది టీమ్‌ను నడుపుతున్నారు, పోయిన నెలలోనే మంచి రేటింగ్ వచ్చింది. పాప పడుకున్నాక రాత్రి పది నుంచి పన్నెండున్నర దాకా వంటింట్లోనే నిలబడి ఒక క్వార్టర్ మద్యం, శుక్ర శనివారాల్లో ఒకటిన్నర. మీ ఆయన నెలలో సగం రోజులు పుణెలో ఉంటారు కాబట్టి ఎవరికీ తెలియదు. ఈ మధ్య మూడు ఆదివారాలు పొద్దున్నే చేతులు వణికాయి. ఒక సోమవారం ఆఫీసు కాల్‌కి ముందు స్టీలు గ్లాసులో కొంచెం పోసుకుంటే ఆ వణుకు తగ్గింది. "ఇంత బాగా పని చేసుకుంటున్నదాన్ని, నాకు నిజంగా సాయం అవసరమా? సంక్రాంతికి నరసరావుపేట వెళ్తున్నాను, అమ్మ దగ్గర వారం రోజులు ముట్టకుండా ఉంటే సరిపోదా?" అని అడిగారు.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే దానికి గడువుంది. సరిపోదమ్మా. అలా చేయొద్దు. చేతులు వణికి, తాగితే ఆ వణుకు తగ్గిందంటే మీ ఒళ్ళు మద్యానికి అలవాటు పడిపోయింది. అలాంటి ఒంటికి డాక్టరు లేకుండా, చెప్పాపెట్టకుండా మద్యం ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. ఒంగోలు మాది. బెంగళూరు వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. చివరిసారి తాగి పదకొండేళ్ళు దాటింది. అంతకుముందు ఏడేళ్ళు మీలాగే దాచుకుని తాగాను. ఎనిమిదేళ్ళుగా ఇలా దాచుకుని తాగే ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడుతున్నాను, తోడు కావాలంటే ఆసుపత్రికి వెళ్తున్నాను. డాక్టర్ని కాను, ఏ మందు ఎంత వేసుకోవాలో చెప్పే అర్హత నాకు లేదు. నా ఒంటి మీద జరిగింది, తర్వాత డాక్టర్ల దగ్గర కూర్చుని నేర్చుకుంది మాత్రమే చెప్తాను.

మా నాన్నగారి సంవత్సరీకానికి ఒంగోలు వెళ్ళాను. మీరు అనుకుంటున్నట్టే అనుకున్నాను: పుణ్యకార్యం, అమ్మ ఇల్లు, చుట్టూ జనం, తాగే వీలే ఉండదు, ఇదే మంచి అదను అని. మొదటి రోజంతా చెమటలు. అన్నం ముద్ద నోట్లో పెడితే వాంతి. నాన్న పోయిన దిగులు అనుకున్నారు అందరూ. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. రెండో రోజు మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోయాను. నాలుక కొరుక్కున్నాను. మా పిన్ని పరుగున వచ్చి చేతిలో తాళాలగుత్తి పెట్టిందట. ఆటోలో దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే, నీరసమని గ్లూకోజు ఎక్కించారు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా అని అడిగారు, ఉపవాసం ఉన్నావా అని అడిగారు. "ఏమైనా మందులు వాడుతున్నావామ్మా?" అని కూడా అడిగారు. తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. లేదన్నాను. మన భాషలో తాగేదీ మందే, నయం చేసేదీ మందే. ఆ రోజు ఆ ఒక్క మాటకు నిజం చెప్పి ఉంటే నా జీవితంలో ఏడాదిన్నర మిగిలేది. చెప్పలేదు కాబట్టి నాకు లేని జబ్బుకి ఏడాదిన్నర పాటు రెండు పూటలా మాత్రలు మింగాను. బెంగళూరు వచ్చిన రాత్రే మళ్ళీ తాగడం మొదలుపెట్టాను. ఆ డాక్టరుగారిని తప్పుపట్టను. చీర కట్టుకుని తద్దినానికి వచ్చిన ఆడమనిషిని మద్యం గురించి అడగాలని ఆయనకు తోచలేదు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే మీకు భయం పోయి జాగ్రత్త వస్తుంది. మద్యం మెదడు చురుకుని అణిచిపెడుతుంది. రోజూ అణుస్తుంటే మెదడు ఊరుకోదు, దానికి ఎదురు నిలబడటానికి తన చురుకుని తనే పెంచుకుంటుంది. తలుపును అవతల నుంచి ఎవరో నెడుతుంటే మనం ఇవతల నుంచి బలంగా నెట్టి పట్టుకున్నట్టు. అవతలివాళ్ళు చటుక్కున వదిలేస్తే ముందుకు పడిపోతాం. వణుకు, చెమట, వాంతి, గుండెదడ, నిద్ర పట్టకపోవడం చివరి గ్లాసు తర్వాత ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లోపే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది. ఎక్కడున్నారో తెలియదు, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి. వైద్యం అందకపోతే అది చంపుతుంది. ఇప్పుడు లెక్కేసుకోండి. గురువారం రాత్రి తాగి, శుక్రవారం రాత్రి బస్సెక్కితే, శనివారం మీ అమ్మగారు అరిసెలకు పాకం పట్టే వేళకి మీరు ఎక్కడ ఉంటారో.

ఇంకో సంగతి. ఇలా ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం, మళ్ళీ ఆపడం జరిగేకొద్దీ ప్రతిసారీ ఆ వణుకూ ఆ ప్రమాదమూ పెరుగుతూ పోవచ్చు. "ఈ సోమవారం నుంచి మానేస్తా" అని ఏడెనిమిది సోమవారాలు ప్రయత్నించానని రాశారు కదా, అవన్నీ ఒంటికి గుర్తుంటాయి.

కాబట్టి డాక్టరును చూసేదాకా ఉన్నపళంగా ఆపొద్దు. పెంచొద్దు. పొద్దున్నే బండి తీయొద్దు. మధ్యలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టలేకపోయినా, లేనివి కనిపించినా 108కి ఫోన్ చేయించుకుని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళాలి, వెళ్ళగానే "రోజూ తాగేదాన్ని, ఫలానా రోజు ఆపాను" అని చెప్పాలి. ఆ మాట వాళ్ళకు తెలిస్తే గ్లూకోజు ఎక్కించే ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. రోజూ తాగేవాళ్ళలో బి1 అడుగంటిపోతుంది. అది లేకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. నాకు ఎక్కించిన ఆ సీసా గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. ఉద్యోగం బాగానే ఉంది కదా అన్నారు. ఉద్యోగం చివరగా పోతుందమ్మా. ఎందుకంటే మిగిలిన శక్తంతా పోసి దాన్నే కాపాడుకుంటాం. అది నిలబడి ఉన్నంత కాలం మనకేం కాలేదని మనకి మనమే నమ్మకంగా చెప్పుకోవచ్చు. దాచుకుని తాగిన ఆ ఏడేళ్ళలో నేను ఒక్క ఆడిట్ గడువు తప్పలేదు, ఒక్క రిటర్న్ ఆలస్యం కాలేదు. కానీ సాయంత్రం ఏడు తర్వాత ఎవరింటికీ వెళ్ళడం మానేశాను. పెళ్ళిళ్ళకి వెళ్తే రాత్రి ఉండకుండా వచ్చేసేదాన్ని. అమ్మ రాత్రి ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని కాదు. మా అబ్బాయి ఒకరోజు పొద్దున "అమ్మా, నిన్న కథలో కుందేలు బావిలోకి తొంగిచూసిన చోటు మూడుసార్లు చెప్పావు" అన్నాడు. నాకు కథ చెప్పినట్టే గుర్తు లేదు. నిద్రపోయి మర్చిపోవడం వేరు, ఇది వేరు. ఒక్కసారిగా ఎక్కువ మద్యం రక్తంలో చేరితే మెదడు ఆ కాసేపు జరిగిందేదీ రాసుకోదు. మాట్లాడుతూనే ఉంటాం, నడుస్తూనే ఉంటాం, మర్నాటికి ఆ పేజీ ఖాళీగా ఉంటుంది. పాప స్కూలు డైరీలో మీ సంతకం ఉంది కానీ ఎప్పుడు పెట్టారో గుర్తులేదని రాశారే, అది ఇదే. రేటింగ్‌ కాగితంలో ఇది కనపడదు.

దాచిపెట్టడమే ఒక పెద్ద కొలువు. నా వృత్తి భాషలో చెప్పాలంటే రెండు పద్దులు రాయడం. ఒకటి అందరికీ చూపించేది, ఇంకోటి తలలోనే ఉండేది. ఏ షాపులో ఏ రోజు కొన్నాను, ఒకే షాపుకి వారంలో రెండుసార్లు వెళ్ళకూడదు, నగదే ఇవ్వాలి. సీసా చప్పుడు చేస్తుందని టెట్రా ప్యాకెట్లకి మారడం. బెంగళూరులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలి కాబట్టి పొడి చెత్తలో సీసాలు పౌరకార్మికుల కంట పడతాయని, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్ళి సిల్క్ బోర్డు దగ్గర ఎక్కడో పడేయడం. యాలకులు, మౌత్‌వాష్, సోంపు. వోడ్కా అయితే వాసన రాదనుకున్నాను. అది నిజం కాదు. మద్యం రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి వచ్చి ఊపిరిలో బయటికొస్తుంది, నోట్లో ఏం నమిలినా అది ఆగదు. ఎవరికీ తెలియదని మీరు అనుకుంటున్నారు. మా పనిమనిషికి నాలుగేళ్ళుగా తెలుసని తర్వాత తెలిసింది. పాపం, ఎవరితోనూ అనలేదు.

"నాకు పెద్దగా ఎక్కదు" అని కూడా రాశారు. దాన్ని బలం అనుకోకండి. క్వార్టర్ తాగి నిటారుగా నడిచే స్థితికి రావడం కూడా ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి.

కొలత గురించి కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే డాక్టరు దగ్గర అందరం తప్పేది ఇక్కడే. "రాత్రిపూట రెండు పెగ్గులు" అంటాం. ఇంట్లో పోసుకునే పెగ్గుకి కొలతే ఉండదు. మన దేశంలో విస్కీ, బ్రాందీ, వోడ్కాల్లో మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 30 మి.లీ.లో సుమారు 10 గ్రాములు, దాన్నే ఒక యూనిట్ అంటారు. క్వార్టర్ 180 మి.లీ. అంటే ఆరు యూనిట్లు. మీరు రాసిన ప్రకారం ఐదు రోజులు ఆరేసి, రెండు రోజులు తొమ్మిదేసి, వారానికి 48 యూనిట్లు. సోమవారం పొద్దున స్టీలు గ్లాసులోది దీనికి అదనం. ఒళ్ళు గంటకు ఒక యూనిట్‌నో ఇంకా తక్కువో ఖర్చు చేయగలదు. పన్నెండున్నరకి క్వార్టర్ పూర్తిచేస్తే, ఏడున్నరకి పాపను స్కూటీ మీద స్కూల్లో దింపేటప్పుడు కూడా మీ రక్తంలో మద్యం ఉండొచ్చు. చట్టం పెట్టిన హద్దు వంద మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. పోలీసు ఊదించే గొట్టం సంగతి పక్కన పెట్టండి. వెనక సీటులో పాప ఉంది.

మగవాడు అదే క్వార్టర్ తాగితే అయ్యేదానికంటే మీకు ఎక్కువ హాని. ఆడవాళ్ళ ఒంట్లో నీటిపాలు తక్కువ, అందుకే అదే మోతాదుకి రక్తంలో మద్యం ఎక్కువ చేరుతుంది, కాలేయం త్వరగా దెబ్బతింటుంది. ఆఫీసు వాళ్ళు చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు ఉంటే తీసి చూడండి. కాలేయం సంగతి చెప్పే జీజీటీ, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే మూడు అంకెలు, ఎర్ర రక్తకణాల సైజు చెప్పే ఎంసీవీ అనే ఇంకోటి. పెరిగి ఉంటే డాక్టరుకి చూపించండి. మామూలుగా ఉంటే మాత్రం దాన్ని పట్టుకుని ధైర్యపడకండి, చాలామందిలో చాలా ఏళ్ళు మామూలుగానే ఉంటాయి. నా రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని రెండేళ్ళు వరసగా రాశారు, కూర్చుని పని చేసేవాళ్ళందరికీ ఉండేదేలే అని ఫైల్లో పెట్టేశాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఒకటుంది. మొత్తం 40 మార్కులు. ఎనిమిదికి చేరితే తాగుడు హానికరంగా మారుతోందని, ఇరవైకి చేరితే మద్యానికి బానిసయ్యారేమో పూర్తిగా పరీక్షించాలని అర్థం. పొద్దున్నే తాగాల్సి వచ్చిందా, ముందురోజు రాత్రి జరిగింది గుర్తులేకుండా పోయిందా అనేవి ఆ పదిలోనే ఉన్నాయి. ఆ రెండింటికీ మీ జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. సాయం అవసరమా అంటే, అవసరమే. సిగ్గుపడేంత అరుదైనదీ కాదు. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది. మిగతా 37 మందిలో చీరలు కట్టుకుని, ఐడీ కార్డులు మెడలో వేసుకుని పనికి వెళ్తున్న మనలాంటివాళ్ళు ఎందరో.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, బెంగళూరులో ఉన్నందుకు మీరు అదృష్టవంతులు. హోసూరు రోడ్డులో నింహాన్స్ అనే జాతీయ మానసిక, నరాల వైద్య సంస్థ ఉంది, అందులో మద్యం, మాదకద్రవ్యాల చికిత్సకి ప్రత్యేక విభాగం ఉంది. నింహాన్స్ అనగానే మనవాళ్ళకి పిచ్చాసుపత్రి గుర్తొస్తుంది. పాత మెంటల్ హాస్పిటల్‌నీ ఒక పరిశోధన సంస్థనీ కలిపి 1974లో దాన్ని ఏర్పాటు చేశారు కాబట్టి ఆ పేరు అంత తేలిగ్గా పోలేదు. నేనూ ఆ గేటు ముందు రెండుసార్లు ఆటో దిగి వెనక్కి వచ్చేశాను. మూడోసారి లోపలికి వెళ్ళాను. అనంతపురం నుంచి, చిత్తూరు నుంచి రాత్రి బస్సుల్లో వచ్చినవాళ్ళు వరండాలో కూర్చుని తెలుగులో మాట్లాడుకుంటున్నారు. ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని కొంగు తలమీదికి లాక్కున్నాను. ఎవరి బాధ వాళ్ళది, నన్నెవరూ చూడలేదు. పొద్దున్నే వెళ్ళండి, రోజంతా పడుతుందని సెలవు పెట్టుకునే వెళ్ళండి. రద్దీ భరించలేనంటే పెద్ద ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉన్నది ఏదైనా సరే, అక్కడ కూడా ఈ చికిత్స చేస్తారు. మానసిక వైద్యుల దగ్గరికే వెళ్ళండి. గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి కడుపు మంటని వెళ్ళి, మాత్రలు తెచ్చుకుని, వైద్యం అయిపోయిందనుకునే పొరపాటు నేను రెండేళ్ళు చేశాను.

గడప దాటడానికి ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం. తెలుగు ఎంచుకోవచ్చు. పాప పడుకున్నాక, సీసా మూత తీసే ముందు ఆ ఫోన్ చేయండి.

డాక్టరు గదిలోకి వెళ్ళాక ఒకటే పని: అసలు పద్దు చూపించడం. రోజుకి ఎన్ని మి.లీ., ఎన్నేళ్ళుగా, చివరిసారి ఎప్పుడు, పొద్దున తాగారా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, నిద్ర మాత్రలు వేసుకుంటున్నారా, గర్భం ఉండే అవకాశముందా. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలదు, అందుకని కాగితం మీద రాసుకెళ్ళండి. నేను రాసుకెళ్ళిన కాగితం మీద మొదట రెండు పెగ్గులనే రాశాను, కారిడార్‌లో కూర్చుని కొట్టేసి మళ్ళీ రాశాను. ఆ డాక్టరమ్మ చదివి, "ఇది రాయడానికి చాలా కష్టపడి ఉంటారు" అని మాత్రం అంది. ఏడేళ్ళలో మొదటిసారి ఇంకో మనిషికి నా లెక్క తెలిసింది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

తర్వాత వాళ్ళు మీ తీవ్రతను బట్టి ఇంటి దగ్గరే రోజూ చూస్తూ ఆపించవచ్చు, లేదా కొన్ని రోజులు చేర్చుకోవచ్చు. ఫిట్స్ రాకుండా, వణుకు తగ్గేలా మాత్రలిచ్చి రోజురోజుకీ తగ్గించుకుంటూ వస్తారు, వారం పది రోజులు పడుతుంది. బి1 ఇస్తారు. ఆ మాత్రల్ని మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోవద్దు, వాటికీ అలవాటు పడతాం, మద్యంతో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం కూడా ఉంది. ఆ ఘట్టం దాటాక తాగాలన్న కోరికను తగ్గించే మందులుంటాయి, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి. నాకు మొదటి ఆరునెలలు వాటిలో ఒకటి బాగా పనిచేసింది. మందుతోపాటు కౌన్సెలింగ్ ఉంటుంది, దాన్ని ఎగ్గొట్టొద్దు. వంటింట్లో రాత్రి పదింటికి ఏం చేయాలన్నది మాత్ర నేర్పదు.

డైసల్ఫిరామ్ అని ఇంకో మందుంది. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, గుండెకి కూడా ప్రమాదం. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకునేవాళ్ళకే అది. "తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మాన్పిస్తాం" అని మన ఊళ్ళలో గోడల మీద రాసి అమ్మే పొడులు ఎవరు తెచ్చిచ్చినా పారేయండి. రేపు మీ ఇంట్లో విషయం తెలిసి ఎవరైనా ప్రేమకొద్దీ అలాంటిది తేవచ్చు, దానికి ముందే మీ ఆయనకి ఈ ముక్క చెప్పి ఉంచండి.

ఆఫీసుకి తెలుస్తుందేమోనన్న భయం గురించి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యల్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు అందులో ఉంది. కంపెనీకి డాక్టరు ఫోన్ చేసి చెప్పరు. సెలవుకి సర్టిఫికెట్ కావాలంటే జబ్బు పేరు లేకుండా, చికిత్సలో ఉన్నారని మాత్రం రాయమని అడగండి. నింహాన్స్‌లో న్యూరాలజీ కూడా ఉంది కాబట్టి ఆ లెటర్‌హెడ్ చూసినంత మాత్రాన ఎవరికీ ఏమీ తెలియదు. ఇన్సూరెన్స్ విషయంలో మాత్రం జాగ్రత్త. మద్యానికి సంబంధించిన చికిత్సను చాలా పాలసీలు మినహాయింపుల్లో పెడతాయి, మీ గ్రూపు పాలసీ కాగితం ముందే చదవండి. ప్రభుత్వ ఆసుపత్రి ఖర్చు మీ జీతానికి భారం కాదు, సొంత డబ్బుతో కట్టేస్తే క్లెయిమ్ కాగితం అసలు ఆఫీసు దాకా వెళ్ళదు.

ఊరి బయట గోడల మధ్య పెట్టి "మాన్పించే" కేంద్రాలుంటాయి. మా చుట్టం ఒకాయన చెప్పాడని ఒకదాన్ని చూడటానికి వెళ్ళాను. రాగానే ఫోను లాక్కుంటామన్నారు, మూడు నెలలు ఇంటివాళ్ళతో మాటలుండవన్నారు, డాక్టరెప్పుడొస్తారంటే సరైన జవాబు లేదు. అక్కడి నుంచి వచ్చేశాను. మీరు స్వచ్ఛందంగా చేరితే, బయటికి వెళ్తానన్నప్పుడు వెళ్ళే హక్కు ఆ చట్టమే ఇచ్చింది. రోజూ డాక్టరు వస్తారా, రిజిస్ట్రేషన్ ఉందా, ఆడవాళ్ళకి వేరే వార్డు, ఆడ సిబ్బంది ఉన్నారా అని అడగకుండా ఎక్కడా చేరొద్దు.

మీ ఆయనకి చెప్పాలా? డాక్టర్ని చూశాక చెప్పండి, ముందు కాదు. అప్పటికి మీ చేతిలో ఒక సమస్యతోపాటు ఒక దారి కూడా ఉంటుంది. ఆయన కోప్పడి చేయి చేసుకునే మనిషైతే, ఎప్పుడు ఎలా చెప్పాలో ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌తో కలిసి ఆలోచించండి, వాళ్ళు ఆయనను పిలిపించి తామే మాట్లాడతారు కూడా. నేనైతే ఒక ఆదివారం మధ్యాహ్నం, "ఏమండీ, నేను చాలా ఏళ్ళుగా రాత్రిళ్ళు తాగుతున్నాను, డాక్టర్ని కలిశాను, మంగళవారం మళ్ళీ వెళ్ళాలి, మీరు రావాలి" అన్నాను. ముందే అద్దం ముందు అనుకుని ఉంచుకున్న మాటలవి. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. బాల్కనీలోకి వెళ్ళి ఆరిన బట్టలన్నీ తెచ్చి, మడతపెడుతూ "మంగళవారం ఎన్నింటికి?" అని అడిగారు. అందరికీ ఇలా జరగదని నాకు తెలుసు. నాతో ఉన్న ఒకమ్మాయి భర్త నెలరోజులు మాట్లాడలేదు. తర్వాత అతనే తాగేవాళ్ళ కుటుంబాల కోసం నడిచే అల్‌-అనాన్ సమావేశాలకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అత్తగారికి చెప్పాల్సిన పని ఇప్పుడైతే లేదు. అమ్మకి కూడా తొందర లేదు.

తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు బెంగళూరులో చాలాచోట్ల జరుగుతాయి, చర్చి ఆవరణల్లో, స్కూలు గదుల్లో. మతంతో సంబంధం లేదు, ఇంటిపేరు అడగరు, డబ్బు కట్టమనరు. మొదటిరోజు మగవాళ్ళే ఎక్కువ కనిపిస్తే గాభరా పడకండి, ఆడవాళ్ళ సమావేశాలు ఎక్కడున్నాయో అడిగితే చెప్తారు. నాకు డాక్టరు దగ్గర ఒళ్ళు కుదుటపడింది, ఆ ప్లాస్టిక్ కుర్చీల మధ్య నోరు పెగిలింది. రెండూ కావలసి వచ్చాయి.

ఐదో నెలలో నేను మళ్ళీ తాగాను. ఉగాది ముందురోజు, ఏ కారణమూ లేకుండా, ఇల్లు ఖాళీగా ఉందని. మర్నాడు పొద్దున పచ్చడి కలుపుతుంటే చేతులు వణకలేదు కానీ మనసంతా వణికింది. అంతా పోయిందనుకున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "ఎంత తాగారు, ఎన్నింటికి, ఇప్పుడెలా ఉంది, రేపు రండి" అంది. తిట్టలేదు. మీకూ ఇలా జరిగితే ఆ రోజే ఫోన్ చేయండి, దాచి ఇంకో పద్దు తెరవకండి.

ఇక ఈ వారం సంగతి. రేపు ఆఫీసుకి రెండు రోజులు సెలవు అడగండి. ఒక కాగితం తీసి, నిన్న రాత్రి ఎంత తాగారో మి.లీ.లలో రాసి తేదీ వేసి పర్సులో పెట్టుకోండి, ఆసుపత్రికి వెళ్ళే రోజు దాకా రోజూ ఒక లైను రాయండి. పాపను స్కూల్లో దింపడానికి వ్యాన్ మాట్లాడండి. పండుగకి ఇంకా మూడు వారాలుంది, ఈ లోపే చికిత్స మొదలుపెడితే కనుమ నాటికైనా మీ అమ్మగారి ఇంట్లో నిబ్బరంగా కూర్చుని అన్నం తినొచ్చేమో. బస్సు టికెట్ మాత్రం డాక్టరు సరేనన్నాకే తీయండి. నింహాన్స్‌కి ఒంటరిగా వెళ్ళలేనంటే రాయండి, నేను వస్తాను.